చిత్రకారుని రిక్థము

కవి మృతుఁడైనను గావ్యము మృతి నొందదు. ఒక తాటాకుఁ బ్రతి చెదలపాలైనచో మఱియొక యూర మఱియొక ప్రతి యుండును. లేఖకుఁడు దానిఁ జూచి వేఱొకటి వ్రాసికొనును. పాఠభేదములు కలుగవచ్చును గాని గ్రంథము నిలుచును. గాయకుని విద్య శిష్యుని కంఠమున నిలుచును. చిత్రకారుని సంగతి యట్టిది కాదు. అతని కృతికి శరీర మొక్కటియే. ఆ కాగితము తడిసినను, ఆ గుడ్డ చినిఁగినను, ఆ వర్ణము వెలసినను గృతియే పోయినది. దానిఁ జూచి యింకొకఁడు వ్రాసినది ప్రతికృతి యగును గాని ప్రతి కాదు. అచ్చువేసినది దాని నీడ మాత్రమే.

కాఁబట్టి చిత్రకారుఁడు మరణించిన నాఁడు అతని చిత్రము లెవరి చేతిలో నున్నవను ప్రశ్నము కళాచరిత్రమున మిక్కిలి ముఖ్యమైనది. అమ్ముడువోయిన చిత్రములు కొన్నవారి గోడల నలంకరించియుండును. అమ్ముడుపోనివి, సగము వ్రాసినవి, చిత్తుగీఁతల పుస్తకములు మాత్రము ఇంటనే మిగులును. తఱచుగా నవి భార్య యధీనమునఁ బడును. వానిని మూటగట్టి యటుకమీఁదఁ బెట్టుటయో, అప్పులవారి కొప్పగించుటయో, ఒక్కొక్కటిగా నమ్ముకొని కాలము గడపుటయో, అన్నిటిని నొక్కచోఁ జేర్చి నిలుపుటయో యామె నిర్ణయింపవలసియుండును. దుఃఖమునందును, ధనాభావమునందును నుండఁగా నీ నిర్ణయము చేయవలసి వచ్చుట మఱియొక కష్టము. ఆంధ్రదేశమున నీ విషయమునకుఁ దగిన యుదాహరణము రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు చిత్రముల వృత్తాంతము. దానిని వివరించుటకుఁ బూర్వము రెండు శబ్దముల నించుక విచారించుట యుక్తము.

శబ్దవిచారము

విధవా శబ్దమునకు ‘ధవుఁడు లేనిది’ యని విగ్రహము చెప్పుట ప్రసిద్ధము. అమరసింహుఁడు ధవ శబ్దమును బతి పర్యాయములలోఁ బఠించెను. యాస్కుఁడు నిరుక్తమున నీ శబ్దమునకుఁ బెక్కు నిర్వచనములు చూపి, ధవ శబ్దమునకు మనుష్యుఁడను నర్థము గలదనియు, అతని వియోగముచే విధవ యయ్యెననియుఁ బక్షాంతరముగాఁ జెప్పెను. భాషాశాస్త్రజ్ఞులు మఱియొక విధముగాఁ జెప్పుదురు. ఈ శబ్దము మిక్కిలి ప్రాచీనమనియు, లాటిన్ భాషలోని ‘విదువా’, ఆంగ్లమునందలి ‘విడో’ యనునవి దీని తోఁబుట్టువులనియు, విడివడుట, వెలితి యగుట దీని మూలార్థమనియు వారి మతము. విధవా శబ్దమును ‘వి’ యనియు, ‘ధవ’ యనియు విడఁదీసి చూచుటచేతనే తరువాత ధవ శబ్దము పతివాచకమై వెలసెనని వారందురు. ఏ పక్షము గ్రహించినను శబ్దమునం దున్నది వెలితియే.

రెండవది రిక్థము. విడిచిపెట్టుట, ఖాళీచేయుట యను నర్థములుగల రిచ్ ధాతువునకు ఉణాదులలోని థక్ ప్రత్యయము చేరఁగా నిది సిద్ధించును. ఒకఁడు లోకమును విడిచిపోవునపుడు వెనుక మిగిలిన ద్రవ్యము రిక్థము. ఆ ధాతువునకే క్త ప్రత్యయము చేరినచో రిక్త మగును. దాని యర్థము శూన్యము. తకార థకారములకుఁ గల యీ స్వల్పభేదము చిత్రకారుని యింట నర్థవంతమగుచున్నది. పెట్టెనిండ నున్న యమ్ముడుపోని చిత్రములు కళ నెఱిఁగినవానికి రిక్థము. వడ్డీలెక్క వ్రాసికొని వచ్చిన ఋణదాతకు రిక్తము. ఆ రెండు దృష్టుల నడుమ నిలిచి, ‘ఇది రిక్తము కాదు, రిక్థమే’ యని నమ్మి కాపాడువా రొక్కరైన నింట నున్నఁగాని చిత్రకారుని కీర్తి మిగులదు.

దామెర్ల రామారావు

రామారావు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీని రాజమహేంద్రవరమున జన్మించెను. అప్పటి ప్రభుత్వ కళాశాలకు నధ్యక్షుఁడైన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయముగాఁ జిత్రకారుఁడును రచయితయు నగుటచే, విద్యార్థులలోఁ గళాభిరుచి గలవారిని జేరఁదీసి ప్రోత్సహించుచుండెను. అట్లు చేరఁదీయఁబడినవారిలో రామారావు, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నము ముఖ్యులు. బాపిరాజు కవిగాను, నవలారచయితగాను గూడఁ బ్రసిద్ధి కెక్కెను. కూల్డ్రే దొర పాఠ్యగ్రంథములయందు వెనుకఁబడిన బాలుని దండింపక, అతని చేతి గీఁతను జూచి భవిష్యత్తు నూహించిన గురువు. ఆయన ప్రేరణముచే రామారావు 1916లో బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలఁ బ్రవేశించెను. అప్పుడు సెసిల్ బర్న్స్ దొర దాని కధ్యక్షుఁడు.

బొంబాయిలో రామారావు నేర్చినది పాశ్చాత్య పద్ధతి. శరీరావయవముల నిర్మాణము, వెలుఁగునీడల లెక్క, తైలవర్ణముల ప్రయోగము అచ్చటఁ గరతలామలకము లయ్యెను. కాని యతని మనస్సు అజంతా గుహలలోని రేఖయందు లగ్నమైయుండెను. విద్య ముగిసిన పిదప నతఁడు గుజరాతు, కాఠియవాడ ప్రాంతములఁ దిరిగి జనుల వేషములను, నడకలను, ముఖభేదములను గీఁచికొనెను. ఈ మూఁటి కలయికచే నతనికి స్వంతశైలి యేర్పడెను. రేఖ అజంతాది, శరీరజ్ఞానము బొంబాయిది, జీవము గోదావరీతీరపు టాంధ్రగృహములది. నీళ్లకుఁ బోవు స్త్రీలు, పువ్వులు ముడుచుకొను కాంతలు, పూజ చేయు ముత్తైదువలు, తూర్పుకనుమల నడుమ సాగు గోదావరి యతనికి వస్తువులు. ‘సిద్ధార్థ రాగోదయము’, ‘పుష్పాలంకారము’, ‘నందిపూజ’, ‘కార్తిక పూర్ణిమ’ యనునవి ప్రసిద్ధములైన చిత్రములు. 1922లోఁ గలకత్తా ప్రదర్శనమున ‘ఋష్యశృంగ బంధనము’ బహుమానము నొంది యాంధ్ర చిత్రకారుని పేరు వంగదేశమున వినఁబడునట్లు చేసెను.

అంతట నతఁడు రాజమహేంద్రవరమునకు మరలి వచ్చి, 1923 ప్రాంతమున నొక చిత్రకళాశాలను నెలకొల్పెను. బొంబాయిలోనో, కలకత్తాలోనో నిలిచిన ధనమును గీర్తియు సులభముగా లభించియుండెడివి. తన యూర నొక పరంపర యేర్పడవలెనను కోరికయే యతని నచ్చటికిఁ దెచ్చినది. భార్య సత్యవాణి యా కోరికలో భాగస్వామిని. ఆయన చిత్రములలోఁ గొన్నిటికి నామెయే ప్రతిరూపమై కూర్చుండెను. ఆ కాలమునఁ గులస్త్రీ చిత్రకారుని యెదుటఁ గూర్చుండుట సామాన్యవిషయము కాదు. చూచువారి మాటలకు వెఱవని ధైర్యమును, భర్త విద్యయందు విశ్వాసమును గలవారికే యది సాధ్యము. ఆమెయు, రామారావు చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మయుఁ గుంచె పట్టి చిత్రరచన నభ్యసించిరి. అందుచేఁ జిత్రము విలువ యెట్టిదో వారి కొరుల నడిగి తెలిసికొన నవసరము లేకపోయెను.

1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీని రామారావు మశూచికముచే మరణించెను. ఇరువదియెనిమిదేండ్లు నిండుటకు నప్పటి కింక నొకనెల కొఱఁతగా నుండెను. ముప్పదికిఁ బైగాఁ దైలవర్ణచిత్రములు, నూఱునకు మించిన నీటిరంగు చిత్రములు, పెక్కు పెన్సిలు గీఁతలు, గీఁతల పుస్తకములు మిగిలెను. విద్య ముగిసిన తరువాత నతనికి దొరకిన కాల మైదేండ్లు మాత్రమే యని తలఁచినచో నీ రాశి యాశ్చర్యము గలిగించును.

ఒక్కరాశిగా నిలుచుట

అప్పుడు జరుగఁదగినవి పెక్కు గలవు. బహుమానము నొందిన చిత్రకారుఁడు బాల్యమునందే మరణించినచో నతని కృతులకు వెల పెరుఁగుట లోకస్వభావము. కొనువారు వచ్చి మేలైనవాని నేఱుకొని పోవుదురు. మిగిలినవి బంధువులు తలకొకటిగాఁ బంచుకొందురు. చిత్తుగీఁతలు చిత్తుకాగితములలోఁ గలియును. ఇరువదియేండ్లలో నొక చిత్రకారుని జీవితకృషి పది యూళ్ల కెగిరిపోవును. అవి చెడిపోవని యనుకొన్నను, ఒకదానిప్రక్క నొకటి పెట్టి చూచు నవకాశము పోవును. అది పోయినచో విమర్శకుఁడు చేయఁగలిగిన దేమియు లేదు. చిత్తుగీఁతకును సిద్ధచిత్రమునకును గల సంబంధము, తొలిరచనకును దుదిరచనకును గల భేదము, ఒక భంగిమను ఎన్నిమాఱులు దిద్దెనను సంగతి, ఇవియన్నియు రాశి యొక్కచో నున్నప్పుడే తెలియును. వ్యాకరణమునఁ బ్రయోగము లన్నియుఁ గూర్చుకొన్నఁగాని సూత్రము నిలుపరానట్లే, చిత్రములన్నియుఁ జూచినఁగాని చిత్రకారుని శైలి నిర్ణయింపరాదు.

రామారావు విషయమున నీ చెదరుట జరుగలేదు. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ, మిత్రుఁడైన వరదా వెంకటరత్నము మొదలగువారి కృషిచేఁ జిత్రములు రాజమహేంద్రవరముననే నిలిచెను. వెంకటరత్నము తన చిత్రరచనకుఁ గావలసిన కాలమును మిత్రుని కళాశాలను నడపుటకు వెచ్చించెను. తరువాత నా సంపుటము ప్రభుత్వపరమై, నేఁడు రామారావు స్మారక చిత్రశాలగా నా నగరమున నున్నది. ఒక్క చిత్రకారుని కృషి యంతయు నతని జన్మస్థలముననే యొక్కచోఁ జూడఁగలుగుట యాంధ్రదేశమున నరుదు. ఆ చిత్రములందు భర్త హస్తము కనఁబడుచున్నది. అవి యచ్చట నుండుటయందు భార్య హస్తము కనఁబడుచున్నది. మొదటి హస్తమును గూర్చి వ్యాసములు గలవు. రెండవదానిఁ గూర్చి యొకటి రెండు వాక్యములకు మించి వ్రాసినవారు తక్కువ.

నాఁటి ధర్మశాస్త్రస్థితి

సత్యవాణి కాలమున విధవయైన స్త్రీకి భర్త చిత్రములపై నెట్టి యధికార ముండెనో తెలిసినఁగాని యట్టి రక్షణము విలువ బోధపడదు. యాజ్ఞవల్క్యుఁడు పుత్రుఁడు లేని మృతుని ధనమునకు వారసుల క్రమము చెప్పుచుఁ బత్నిని మొదట నిలిపెను. పిదపఁ గూఁతుండ్రు, తలిదండ్రులు, సోదరులు మున్నగువారు. విజ్ఞానేశ్వరుఁడు మితాక్షర యందు దీనిని విభక్తుఁడై, మరలఁ గలియక మృతుఁడైన వాని విషయముననే యన్వయించెను. ఉమ్మడికుటుంబమున నుండి మృతుఁడైనచో నతని భాగము మిగిలిన దాయాదులకుఁ జెందును. భార్యకు జీవనభృతియే గతి. ఇఁక విభక్తుని ధనము భార్యకు వచ్చినను, ఆంగ్లేయ న్యాయస్థానముల నిర్ణయముల ప్రకారము ఆమెకది పరిమితమైన హక్కు మాత్రమే. అనుభవింపవచ్చును, అవసరము లేక విక్రయింపరాదు, ఆమె తరువాత భర్త వారసులకుఁ బోవును.

ఇచ్చట నొక సూక్ష్మము గలదు. చిత్రములు ఉమ్మడిధనమా, స్వార్జితమా? స్మృతికారులు విద్యాధనమును బ్రత్యేకముగాఁ బేర్కొనిరి. పిత్రార్జితమునకు హాని లేకయే విద్యచే నార్జించినది యార్జించినవానిదే. కాని యా విద్య కుటుంబధనముతో నేర్చినదైనచో నేమగును? ఈ ప్రశ్నమున 1921లో ప్రీవీ కౌన్సిలు, గోకుల్‌చంద్, హుకుంచంద్‌ల వ్యాజ్యమునందు, కుటుంబధనముతో విశేషవిద్య నేర్చి సంపాదించినది యుమ్మడిధనమే యగునని తీర్పు చెప్పెను. అనఁగా నొక యుమ్మడికుటుంబమువాఁడు కుటుంబధనముతో బొంబాయికిఁ బోయి చిత్రకళ నేర్చినచో నతని కుంచె నుండి వచ్చిన ధనము సోదరులందఱిదియు నగును. ఆ తీర్పువలనఁ గలిగిన యసంతృప్తియే కారణముగా 1930లో హైందవ విద్యార్జిత ధనపు చట్టము పుట్టెను. విద్య యెవరి ధనముతో నేర్చినను, దానివలన వచ్చిన యార్జన మార్జించినవాని స్వంతమే యని యది శాసించెను. 1937లో మఱియొక చట్టము విధవకు భర్త భాగమున నధికార మిచ్చినది. కాని యదియుఁ బరిమితమే. 1956లో హైందవ వారసత్వ చట్టము వచ్చిన తరువాతనే విధవ పొందిన యాస్తికి నామె పూర్ణస్వామిని యయ్యెను. ఇప్పుడు భార్య, కుమారులు, కూఁతుండ్రు, తల్లి మొదటి తరగతి వారసులై సమానభాగములు గొనుచున్నారు.

దీనిఁబట్టి 1925లో భర్తను గోలుపోయిన చిత్రకారుని భార్య యవస్థ యూహింపవచ్చును. శాస్త్ర మామెకు భారము నిచ్చినది, స్వామ్య మీయలేదు. అట్టి కాలమునఁ జిత్రములు చెదరకుండ నిలుచుట చట్టబలముచేఁ గాదు, వాని విలువ నెఱిఁగినవారి పట్టుదలచేతనే.

దేశాంతర నిదర్శనములు

పాశ్చాత్యదేశముల నిట్టి వృత్తాంతములు మంచివియుఁ జెడ్డవియుఁ గలవు. హాలండు చిత్రకారుఁడు విన్సెంట్ వాన్ గో 1890 జూలైలో మరణించెను. అతనిని బోషించిన తమ్ముఁడు తియో ఆఱునెలలకే, 1891 జనవరిలో మరణించెను. తియో భార్య జొహాన్నా చేత నొక శిశువును, ఇంటినిండ నెవ్వరును గొనని చిత్రములును మిగిలెను. ఆమె చిత్రకారుని భార్య కాదు, అతని తమ్ముని భార్య. అయినను ఆ భారమునంతయు వహించెను. బుస్సుమ్ అను గ్రామమున భోజనవసతి గృహమును నడపి జీవించుచు, గోడలపై నా చిత్రములఁ దగిలించి, వచ్చినవారికిఁ జూపుచుండెను. 1905లో ఆంస్టర్‌డాం నగరమున నాలుగువందలకుఁ బైగాఁ గృతులతోఁ బెద్దప్రదర్శనము జరిపించెను. 1914లో నన్నదమ్ముల యుత్తరములను సంపాదించి ప్రకటించెను. ఆమెయుఁ జిత్రముల నమ్మెను. కాని యేది, యెప్పుడు, యెవరికి అని యోజించి యమ్మెను. 1924లో ‘పొద్దుతిరుగుడు పువ్వుల’ చిత్రము నొకదానిని లండను జాతీయ చిత్రశాల కిచ్చుటకు మొదట నంగీకరింపక, అది యెల్లరుఁ జూచు స్థలమను కారణముచేఁ దుద కంగీకరించెను. 1925లో, రామారావు మరణించిన యేఁటనే, ఆమెయు మరణించెను. మిగిలిన సంపుటము కుమారుని వలన నొక సంస్థకుఁ జేరి, 1973లో ఆంస్టర్‌డాంలోఁ బ్రత్యేక ప్రదర్శనశాల యయ్యెను.

ఇంగ్లండునఁ గవియుఁ జిత్రకారుఁడు నైన విలియం బ్లేక్ 1827లో మరణించెను. భార్య కేథరిన్ ముద్రణపుఁబనిలోను, రంగులు వేయుటలోను భర్తకుఁ గుడిభుజమై యుండెను. ఆమె 1831లో మరణించు వఱకు నా కృతులు నిలిచెను. పిదపఁ గొన్ని టాథం అను శిష్యుని చేతఁ బడెను. అతఁడు మతాభినివేశముచే బ్లేక్ వ్రాఁతప్రతులఁ బెక్కింటిని దగులఁబెట్టెనని చరిత్రకారులు చెప్పుదురు. పనిలోఁ బాలుగొన్న భార్య కాపాడినదానిని బూజించిన శిష్యుఁడు నాశము చేసెను. భక్తియుఁ బరిజ్ఞానమును వేఱని దీనివలనఁ దెలియవలెను.

మన దేశముననే యమృతా షేర్‌గిల్ 1941 డిసెంబరు 5వ తేదీని లాహోరున మరణింపఁగా, భర్తయుఁ దండ్రియు నామె చిత్రముల నొక్కచోఁ జేర్చి దేశమునకుఁ జెందునట్లు చేసిరి. 1954లో ఢిల్లీలో వెలసిన జాతీయ ఆధునిక చిత్రశాలకు నవియే యాభరణములు.

ఇప్పటి చట్టము

చిత్రమునకు రెండు స్వామ్యములు గలవని పలువు రెఱుఁగరు. పటము వస్తురూపమున నొకరి దగును; దానిని బ్రతికృతిగా నచ్చువేయు హక్కు వేఱొకరి దగును. పటము నమ్మినంతమాత్రమున నచ్చుహక్కు పోదు. అది వ్రాఁతమూలమునఁ బ్రత్యేకముగా నీయవలెను. 1957 నాఁటి గ్రంథస్వామ్య చట్టమున నా హక్కు చిత్రకారుని మరణానంతరము 50 ఏండ్లుండెను. 1992లో నది 60 ఏండ్లయ్యెను. రామారావు చిత్రములకు నా హక్కు 1975తోనే ముగిసెను గనుక వానిని నేఁ డెవరైన నచ్చువేయవచ్చును. 1994లోఁ జేరిన మఱియొక నిబంధన ముఖ్యమైనది. మూలచిత్రము పదివేల రూపాయలకు మించిన వెలకు మరల నమ్ముడువోయినచోఁ జిత్రకారునికో, అతని వారసులకో యా వెలలోఁ బదింట నొకవంతు మించని భాగము చెందును. నూఱు రూపాయలకు విధవ యమ్మిన పటము లక్షరూపాయలకు చేతులు మాఱినపు డామె వట్టిచేతులతోఁ జూచుచుండకుండుటకే యీ నిబంధన. దీని నెఱిఁగి యడిగినవారు మిక్కిలి తక్కువ.

1972 నాఁటి పురావస్తువుల చట్టము మఱియొక రక్షణము. నూఱేండ్లు నిండిన చిత్రము పురావస్తు వగును. దానిని బ్రభుత్వము గాని, ప్రభుత్వ మధికార మిచ్చినవారు గాని తప్ప నితరులు విదేశములకుఁ బంపరాదు. రవివర్మ, అమృతా షేర్‌గిల్, యామినీ రాయ్, నందలాల్ బోస్, రవీంద్ర, గగనేంద్ర, అవనీంద్రులు, శైలోజ్ ముఖర్జీ, నికొలస్ రోరిక్ అను తొమ్మండ్రి కృతులకు నూఱేండ్లు నిండకున్నను కళానిధులను గౌరవము గలదు. ఆ పట్టికలో నాంధ్రుఁ డొక్కఁడును లేఁడు. అయినను రామారావు 1922లో వ్రాసిన చిత్రములు కాలగతిచేతనే యిప్పుడు నూఱేండ్లు దాఁటి యా రక్షణము క్రిందికి వచ్చినవి. పట్టిక చేయని పనిని బంచాంగము చేసినది.

వస్తురక్షణము

చట్టము దొంగను వారించును గాని చెదలను వారింపదు. నీటిరంగు చిత్రమునకు వెలుఁగే శత్రువు. ఎండ ప్రత్యక్షముగాఁ బడకున్నను, ఏండ్లతరబడి వెలుఁగు సోఁకినచో సుకుమారవర్ణములు వెలసిపోవును. వెలసినవి మరల రావు. తైలవర్ణ చిత్రమునకుఁ దేమయు నెండయు మాఱిమాఱి తగులుట శత్రువు. గుడ్డ తేమకు నుబ్బి, ఎండకు బిగిసి, మీఁది వర్ణపుఁబొరను బగులఁజేయును. పెన్సిలు గీఁతలు గల కాగితములకుఁ బులుపు గల యట్టలు శత్రువు. వానితో నంటియున్న కాగితము పసుపువన్నెకుఁ దిరిగి పెళుసై విఱిఁగిపోవును. గోదావరీతీరమున వానకాలపుఁ దేమ యెంతయో యెల్ల రెఱుఁగుదురు. ఇంట నుంచుకొన్న విధవ చేయఁగలది గోడ కానించకుండుట, వెలితిరు గదిలో నుంచుట, తడిగుడ్డతోఁ దుడువకుండుట, మెఱుఁగునూనె పూయకుండుట. అంతకు మించిన పని యా విద్య నెఱిఁగినవారిదే. మంచియుద్దేశముతో నద్దిన కొత్తరంగు, పండితుఁడు కానివాఁడు ప్రాచీనగ్రంథమును సంస్కరించుట వంటిది. దోషము పోవకపోఁగా మూలము పోవును.

దక్షిణసీమ యందు

చిత్తూరు తిరుపతి ప్రాంతమున నీ సమస్యకు వేఱొక రూపము గలదు. శ్రీకాళహస్తి వ్రాఁతపనివారు వెదురుకలముతో వస్త్రముమీఁద రామాయణాది కథలను వ్రాయుదురు. కరకకాయయుఁ బాలును బట్టించిన గుడ్డపైఁ జింతబొగ్గుతో గీఁత గీఁచి, ఇనుపముక్కలు బెల్లపునీట నానవేసి తీసిన నల్లరంగుతో దిద్ది, పటికతోఁ గూడిన వర్ణముల నద్దుదురు. ఆ వస్త్రము గుడికో, కొన్నవానికో పోవును, ఇంట మిగులదు. 19వ శతాబ్దమునాఁటి కాళహస్తి రామాయణవస్త్రము లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాల యందున్నది. కావున నచ్చటి పనివాని భార్యకుఁ జిత్రములు రిక్థముగా రావు, చేతిపనియే రిక్థము. గుడ్డ కాఁచుట, ఉదుకుట, రంగు లద్దుట యింటిల్లపాదియుఁ జేయు పను లగుటచే భర్త పోయినను బని నిలుచును. 1950ల తుదిని ప్రభుత్వము కాళహస్తిలో శిక్షణకేంద్రమును బెట్టినపిదప స్త్రీలు కలమును గూడఁ బట్టి స్వంతముగా వ్రాయుచున్నారు. రాజమహేంద్రవరమున వస్తువు నిలిచినది. కాళహస్తిలో విద్య నిలిచినది. రెండును నిలిచినచోటు లేదు.

కాళహస్తికి సమీపమున, సత్యవేడు వరదయ్యపాలెము ప్రాంతమున 2008 నాఁటి నుండి శ్రీసిటీ యను పరిశ్రమల పట్టణము పెరిఁగినది. పూర్వము పల్లెలును జెఱువులును నున్నచోట నిప్పుడు దేశదేశముల యంత్రశాలలు వెలసినవి. యంత్రశాలలు వచ్చినచోటికి ధనము వచ్చును. ధనము వచ్చినచోటికిఁ జిత్రములు గొనువారును వత్తురు. తేమ లేని గదులు, నిప్పుభయము లేని భవనములు గట్టు శక్తియు నట్టి పట్టణములకే గలదు. సమీపమున నున్న వ్రాఁతపనివారి పాతవస్త్రములు, మరణించిన చిత్రకారుల యిండ్లలో మూలుగుచున్న పటములు పదిలపఱచు స్థలమొక్కటి యీ సీమ నేర్పడినచో మిగిలినవైనను మిగులును.

చేయవలసినది

ఈ విచారమువలనఁ దేలునవి మూఁడు. మొదటిది పట్టిక. చిత్రకారుఁడు జీవించియుండఁగనే చిత్రము పేరు, కొలత, వ్రాసిన యేఁడు, ఎవరికిచ్చెనో యొక పుస్తకమున వ్రాయవలెను. వ్రాయకున్నచో భార్య వ్రాయింపవలెను. పట్టిక లేని సంపుటము సూచిక లేని గ్రంథము. ఏది పోయినదో పోయిన తరువాతఁ గూడఁ దెలియదు. రెండవది స్థలము. గృహము చిత్రశాల కాదు. ఒక తరమునకు మించి యే కుటుంబమును నీ భారము మోయలేదు. మూఁడవది భృతి. అవసరమై పటము నమ్ముకొన్న విధవను నిందించుట లోకమునకు సులభము. ఆ నింద మోపువారు ముందుగా నామె వంటయింటి నొకమాఱు చూడవలెను. చిత్రములను నమ్మక నిలిపిన స్త్రీని శ్లాఘించి, ఆమె జీవనమును విచారింపని సమాజము సగము ధర్మమునే యాచరించినది. సంపుటమును బ్రభుత్వము గాని సంస్థలు గాని గ్రహించునపుడు గౌరవపత్రముతోఁ దృప్తిపఱుపక, వెల గట్టి ధనమో, జీవితాంతము భృతియో యీయవలెను. అది దయ కాదు, ఋణవిమోచనము.

రాజమహేంద్రవరపుఁ జిత్రశాలకుఁ బోయిన పాఠశాలా బాలుఁడు ‘నందిపూజ’ యెదుట నిలిచినపుడు, వ్రాసిన చేతితోపాటు కాచిన చేతినిఁ గూడఁ జెప్పుట యుపాధ్యాయుని విధి. తెలుఁగు వాచకములలో రామారావు పాఠ మున్నచోట సత్యవాణి పేరుతో నొక వాక్యము చేర్చినచో నా విధి యారంభమైనట్లే.